పచ్చ అని రాసిన రోజులు

పోయిన నెల ఆస్పత్రిలో ఒక అమ్మాయి నా వేలు పొడిచి, ఒక బొట్టు రక్తం తీసి, అరచేతిలో ఇమిడే యంత్రానికి పట్టించి అంకె చెప్పింది. నాకు చక్కెర ఎక్కువే ఉందట. "ఎంత ఎరుపు?" అని నా నోట వచ్చేసింది. ఆ అమ్మాయికి అర్థం కాలేదు. "ఎరుపేంది తాతా, అంకె చెప్పినా కదా" అని నవ్వింది. నేనూ నవ్వి బయటికి వచ్చాను. కానీ ఆ రోజంతా, యాభై ఏళ్ల కింద ఎమ్మిగనూరులో నూలుకు రంగులద్దిన ఒక మనిషి నా పక్కనే నడుస్తున్నట్టు ఉండింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయన మనవలు ఆ ఊళ్లోనే ఉన్నారు. పైగా ఇందులో తప్పు నాది. పేరు ఆయనది ఎందుకు?

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నేను ఎమ్మిగనూరు ధర్మాస్పత్రిలో కాంపౌండరును. డాక్టరుగారు వారానికి రెండుసార్లు ఆదోని నుంచి బస్సులో వచ్చేవారు. తక్కిన రోజుల్లో కట్లు కట్టడం, సూదులు వేయడం, మందు కలిపి సీసాల్లో పోయడం అన్నీ నేనే చూసుకునేవాణ్ణి.

ఆయన్ను మొదట తీసుకొచ్చింది ఆయన భార్య. అప్పటికి ఆయనకు నలభై ఉంటాయేమో. ఎముకల మీద తోలు కప్పినట్టు ఉన్నాడు. బెంచీ మీద కూర్చుని, గోడవారనున్న కుండలోంచి చెంబు తర్వాత చెంబు నీళ్లు ముంచుకుని తాగుతూనే ఉన్నాడు. ఏమిటి బాధ అని డాక్టరుగారు అడిగితే భార్యే చెప్పింది.

"తాగిన నీళ్లు తాగినట్టే పోతాండాయి సారూ. ఈయప్ప ఒంటికి పోయిన తావున సీమలు ముసురుకుంటాండాయి. సీమలేంది సారూ?"

ఒంట్లో రక్తం ఎంత ఉందో గోళ్లలో చూద్దామని డాక్టరుగారు ఆయన చెయ్యి పట్టుకున్నారు. మణికట్టు దాకా నీలం. గోళ్లు ఇంకా ముదురు నీలం.

"ఇది కడిగితే పోదా?" అన్నారు డాక్టరుగారు.

"పోతే నా పని మంచిది కానట్టు సారూ" అన్నాడు.

ఆయన నోట నేను విన్న మొదటి మాట అది.

చక్కెర రోగం అని చెప్పినప్పుడు ఆయన భయపడలేదు, సిగ్గుపడ్డాడు. "అది షావుకార్ల రోగం కదా సారూ. నేను తినేది జొన్నరొట్టె, ఊరిబిండి పచ్చడి. వరికూడు పండగ నాడే. నాకెట్ల వచ్చె?" అని నాలుగుసార్లు అడిగాడు. డాక్టరుగారు ఏదో చెప్పారు గానీ ఆయనకు ఎక్కలేదు. రంగుల బట్టీలో తోటివాళ్లకు ఈ సంగతి తెలిసి "ఏం షావుకారూ" అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పిలుపు విన్నప్పుడల్లా ఆయన తల తిప్పుకునేవాడు.

ఆ రోజుల్లో ఇన్సులిన్ సూది రోజూ పడాల్సిందే. మందు ఆదోని పెద్దాస్పత్రి నుంచి నేనే బస్సులో తెచ్చి, తడి ఇసుక పోసిన కుండలో సీసాను పూడ్చిపెట్టేవాణ్ణి. ఎంత మందు వేయాలో తెలియడానికి పొద్దున్నే మూత్రం పరీక్ష. గాజుగొట్టంలో నీలం ద్రావకం పోసి, ఎనిమిది చుక్కలు మూత్రం వేసి, స్పిరిట్ దీపం మీద మరిగించాలి. నీలం నీలంగానే ఉంటే చక్కెర లేదు. ఆకుపచ్చకు తిరిగితే కొంచెం ఉంది. పసుపుపచ్చ అయితే ఎక్కువ. ఇటుక ఎరుపు అయితే చాలా ఎక్కువ. ఏ రంగుకు ఎంత సూది వేయాలో డాక్టరుగారు కాగితం మీద రాసి గోడకు అంటించారు. మూడు రోజులకు మించి వరుసగా ఎరుపు వస్తే తనకు కబురు చేయమన్నారు.

రోజూ పొద్దున ఏడింటికి ఆయన వచ్చేవాడు. భార్య బయట వేపచెట్టు కింద నిలబడేది, లోపలికి వచ్చేది కాదు. ఆయన సంచిలో పైన చిలపలుగా చుట్టిన నూలు, దాని కింద తలనూనె సీసాలో మూత్రం. దారిలో ఎవరైనా ఏమిటని అడిగితే "రంగు నమూనా, ఆస్పత్రోళ్ల పరదాలకు" అనేవాడు. ఆ మాటకే మూడు నెలలకు మా ఆస్పత్రికి కొత్త పరదాలు వస్తున్నాయని ఊరంతా పుకారు పుట్టింది.

మొదటి రోజు గొట్టం దీపం మీంచి తీసి నేను "పచ్చ" అన్నాను.

"యా పచ్చప్పా?"

"పచ్చంటే పచ్చే."

"పచ్చంటే పచ్చే అయితే నాకు బట్టీలో పనేముండాది? ఆకూ పచ్చే, పసుపూ పచ్చే. రెండూ ఒగటేనా?" గొట్టం నా చేతిలోంచి తీసుకుని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టాడు. మెడ ఒక పక్కకు వాల్చి, ఒక కన్ను సగం మూసి చూశాడు. "ఇది జొన్న మొలకెత్తిన నాలుగో దినం పచ్చ. ఇంగ రెండు సుక్కలు పసుపు పడితే నిమ్మకాయ అయితాది. నిమ్మకాయ కానియ్యగాకు."

ఆ వారం డాక్టరుగారు ఇది చూసి ముచ్చటపడ్డారు. "రేపటి నుంచి రంగు ఆయన్నే చెప్పమను. నీ కన్ను కంటే ఆయన కన్ను నమ్మకం" అన్నారు. నాకు కొంచెం చిన్నతనంగా అనిపించినా, నిజం అదే. అప్పటి నుంచి ఆయన రంగు చెప్పడం, నేను నోటుబుక్కులో రాయడం అలవాటైపోయింది. చింతచిగురు అనేవాడు. ఆముదపాకు అనేవాడు. ఒకరోజు "ఇది నాచు, బాగలేదు" అన్నాడు. నేను వాటిని గోడ మీది కాగితంలోని నాలుగు రంగుల్లో ఏదో ఒకదాంట్లో ఇరికించేవాణ్ణి. "దేవుడు ఇన్ని రంగులు సేస్తే మీ కాగితంలో నాలుగేనా?" అని నవ్వేవాడు.

చదువు రాదు కాబట్టి ఆయన తన లెక్క తాను పెట్టుకున్నాడు. ఒక పొడుగాటి దారానికి రోజుకొక నూలుపోగు ముడివేసేవాడు. ఆ పోగు రంగు ఆ రోజు గొట్టంలో వచ్చిన రంగే. బట్టీలో లేని రంగు ఏముంది? నెలకోసారి ఆ దారం తెచ్చి డాక్టరుగారి బల్ల మీద పరిచేవాడు. డాక్టరుగారు నా నోటుబుక్కు పక్కకు నెట్టి దారం చదివేవారు.

"ఈ మూడు ఎర్రపోగులు ఏమిటయ్యా?"

"జాతర సారూ. ఓళిగలు తింటి."

"మూడు రోజులూ బొబ్బట్లేనా?"

"జాతర మూడు దినాలు సారూ. నేనేం సేతు?"

డాక్టరుగారు కోపం తెచ్చుకోబోయి నవ్వేశారు. అట్లా రెండేళ్లు గడిచాయి. ఆయన ఒళ్లు చేశాడు. మొలలో బెల్లంముక్క మూట కట్టుకుని, సూది ఎక్కువై చెమటలు పట్టినప్పుడు నోట్లో వేసుకోవడం నేర్చాడు. మా ఆస్పత్రికి వచ్చే పాతరోగుల్లో నాకు గర్వంగా అనిపించిన మనిషి ఆయన ఒక్కడే.

మూడో ఏడు, ఎండలు ముదిరిన రోజుల్లో, ఒకనాడు గొట్టం ఎత్తి చాలాసేపు చూశాడు. నా చోటు నుంచే నాకు స్పష్టంగా కనబడుతోంది, లోపల పసుపు కలిపిన పిండిలా ఉంది.

"పచ్చ" అన్నాడు.

ఏ పచ్చో చెబుతాడని కలం పట్టుకుని చూశాను. చెప్పలేదు. గొట్టం నా చేతికి ఇచ్చేశాడు. ఆయన వెనక బట్టీవాళ్లు ఇద్దరు చేతులు కాల్చుకుని కట్టు కోసం నిలబడి ఉన్నారు. నేను "పచ్చ" అని రాసి, ఆకుపచ్చకు వేసే సూది వేశాను.

మర్నాడూ అంతే. నా కన్నే తప్పేమో అనుకున్నాను. ఎన్నిసార్లు నన్ను దిద్దాడు ఆయన! మూడో రోజు నాకు అనుమానం లేదు. ఆయనకు రంగు కనబడటం లేదు. కానీ ఆ మాట ఎట్లా అనడం? వెనక ఎప్పుడూ బట్టీవాళ్లో, నేతగాళ్లో ఎవరో ఒకరు ఉంటారు. రంగులద్దేవాడికి కళ్లు పోయాయని ఆ కిటికీ దగ్గర నేను అంటే, సాయంత్రానికి ఆయనకు పని పోతుంది. ఒంటరిగా దొరికినప్పుడు చెబుదామనుకున్నాను. దొరికినరోజు మొహమాటం వచ్చింది. పది రోజులు గడిచాక ఇంకొక భయం పట్టుకుంది. ఇప్పుడు చెబితే, ఈ పది రోజులూ నువ్వేం చేశావని డాక్టరుగారు అడుగుతారు కదా.

నోటుబుక్కులో ఒకదాని కింద ఒకటి "పచ్చ, పచ్చ, పచ్చ". ఆకు అని రాయలేదు, పసుపు అని రాయలేదు. రాసింది అబద్ధం కాదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. మన భాషలో ఆ మాట రెంటికీ చెల్లుతుంది. నేను ఆ మాట వెనక దాక్కున్నాను. గొట్టం ఇటుకలా ఎర్రబడిన రోజున కూడా ఆయన పచ్చ అన్నాడు, నేను పచ్చ అని రాశాను. ఆ రోజు కలం కొంచెం ఆగింది. ఆగి, రాసింది.

డాక్టరుగారు నోటుబుక్కు తిప్పి చూసి "భేష్, అదుపులో ఉంది" అన్నారు. దారం ఏదని అడిగితే ఆయన "మరిసిపోతి సారూ" అన్నాడు. ఆ ముందు ఎన్నడూ మరిచిపోలేదు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఒక్క మాట చెప్పడానికి అంతకంటే మంచి అదను ఉండదు. "అవునండి, బాగానే ఉంది" అన్నాను.

ఐదు వారాలైంది. ఒక పొద్దున ఆయన కిటికీ దగ్గరికి రాగానే వాసన కొట్టింది. కుళ్లిన వాసన. కిందికి చూశాను. కుడికాలికి గుడ్డ చుట్టి ఉంది, దాని మీద ఈగలు. గుడ్డ విప్పితే రెండు వేళ్లు నల్లబడి ఉన్నాయి. బట్టీలో కాస్టిక్ సోడా నీళ్లు కాలి మీద పడ్డాయట, పది రోజుల కింద.

"నొప్పి లేదప్పా. అందుకే సెప్పలేదు" అన్నాడు.

నొప్పి లేకపోవడమే ఎక్కువ భయపడాల్సిన సంగతి అని ఆయనకు తెలియదు. చక్కెర చాలాకాలం ఎక్కువగా ఉంటే కాళ్లు మొద్దుబారతాయి. నాకు తెలుసు. ఆ పొద్దున్నే వచ్చిన బస్సులో ఆయన్నూ భార్యనూ ఎక్కించి ఆదోని తీసుకుపోయాను. దారి పొడుగునా ఆమె ఆయన కాలు తన ఒళ్లో పెట్టుకుని ఈగలు తోలుతూ కూర్చుంది. నేను ముందు సీట్లో కూర్చుని, ఒక్కసారి చూసి మళ్లీ వెనక్కి తిరగలేదు.

పెద్దాస్పత్రిలో మొదట వేళ్లు తీశారు. వారానికి కాలు చీలమండ పై దాకా తీసేశారు. కళ్లు పరీక్ష చేసిన డాక్టరు, లోపల రక్తనాళాలు చిట్లి రక్తం కారిందని, చూపు ఇక రాదని చెప్పారు. వెలుగూ నీడా తెలుస్తాయి, అంతే.

మందులు తెచ్చుకోవడానికి ఆదోని పోయినప్పుడు వార్డుకు వెళ్లాను. మధ్యాహ్నం. భార్య రొట్టె తేవడానికి బయటికి పోయింది. ఆయన మంచం మీద కూర్చుని, దుప్పటి అంచున ఊడిన దారాలను వేళ్లతో తడుముతూ ఉన్నాడు. నా అడుగుల చప్పుడుకే గుర్తుపట్టాడు.

"కంపౌండరప్పా, రా. ఈడ కూసో."

కూర్చున్నాను. బస్సులో వస్తూ అనుకున్న మాటలు వదిలేసి, ఉన్నది చెప్పాను.

"అన్నా, నువ్వు పచ్చ అంటాంటివి కదా, ఆ ఐదు వారాలు. అది ఆకుపచ్చ కాదు. పసుపు. ఒకోసారి ఎరుపు. నాకు కనపడతానే ఉండె. నేను సెప్పలేదు."

ఆయన వేళ్లు ఆగాయి.

"నాకు తెల్సప్పా."

"ఏం తెల్సు?"

"అది పచ్చ గాకపోవచ్చునని. నాకు రంగే కనపడకపాయె. మసకలై ఆర్నెల్లాయె, రంగు బొత్తిగ పాయె ఆ ఐదు వారాల్లో. బట్టీలో నా పెండ్లాము ఎనకాల నిలబడి మెల్లగ సెప్తాంటె పని జరిపిస్తి. నీ తావ ఆమె లేదు కదా. పచ్చ అంటే, నువ్వు యా పచ్చన్నా అంటావనుకుంటి. దినామూ నీ మొగం తట్టు సూస్తి. మొగమూ కనపడదాయె. నీ కలం గీసే సప్పుడు మాత్రం ఇనపడతాండె."

నా తప్పులో సగం ఆయన మీదికి నెట్టాలని కాబోలు, "నువ్వన్నా అడిగుండొచ్చు కదన్నా" అన్నాను.

"అడిగితే నాకు కండ్లు లేవని నేనే ఒప్పుకున్నట్టు కదప్పా" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. ఉండి ఉంటే బాగుండేది.

ఆదోని నుంచి వచ్చాక బట్టీ పని లేదు. పొద్దున ఏడింటికి భార్య భుజం పట్టుకుని, చంకలో కర్రతో, కిటికీ దగ్గరికి మళ్లీ వచ్చాడు. ఇప్పుడు సీసా దాచడం లేదు, చేత్తోనే పట్టుకుని వచ్చాడు. భార్యను కూడా లోపలికి పిలుచుకున్నాడు. బెంచీ మీద ఉన్న పదిమందీ వినేటట్టు అన్నాడు.

"ఇంగ నువ్వే సెప్పల్ల. ఎర్ర అయితే ఎర్ర అను. యా ఎరుపో గూడ సెప్పు. నాకు బయం లేదు. సెప్పకపోతేనే బయం."

జరిగిందంతా డాక్టరుగారికి చెప్పుకున్నాను. అంతా విన్నారు. తర్వాత "ఆయన్ను జాగ్రత్తగా చూసుకో" అన్నారు, అంతే. అప్పటి నుంచి నేను గొట్టం ఎత్తి రంగు చెప్పేవాణ్ణి. మొదట్లో నాకు మాటలు రాలేదు. ఎరుపు అంటే ఊరుకునేవాడు కాదు. "మిరపపండా, ఇటికెరాయా? ఎండిన మిరపనా, పచ్చి మిరపపండా?" అని పీకేవాడు. తప్పు చెబితే నా గొంతులోనే పట్టుకునేవాడు. "తొందరపడగాకు, మళ్లీ సూడు" అనేవాడు. చూపు లేని మనిషి నాకు చూడటం నేర్పాడు. బెంచీ మీద తమ వంతు కోసం కూర్చున్న ఉబ్బసం రోగులూ, మూర్ఛరోగులూ కూడా మెల్లగా తమ మందేమిటో, ఎందుకో, ఇంకా ఎన్నాళ్లో నన్ను అడగసాగారు. అంతకు ముందు ఎవరూ అడిగేవాళ్లు కాదు. నేనూ చెప్పేవాణ్ణి కాదు.

ఆ ఏడాది ఆయన చక్కెర మళ్లీ అదుపులోకి వచ్చింది. రెండో కాలు నిలిచింది.

తర్వాత నాకు మద్దికెరకు బదిలీ అయింది. కొత్త కాంపౌండరు వచ్చాడు, కుదురైన మనిషి. మందుల సీసాలు, సిరంజీలు, తక్కెడ, బీరువా తాళాలు అన్నీ పట్టీ ప్రకారం అప్పజెప్పి సంతకం తీసుకున్నాను. ఆయన గురించి చెప్పాలని అనుకున్నాను. సామాను సర్దుకునే హడావుడిలో చెప్పలేదు. మద్దికెర చేరాక ఒక కార్డు రాద్దామనుకున్నాను. వేస్తే రెండు రోజుల్లో చేరేది. రాయలేదు.

ఏడాది తిరక్కుండానే, ఆదోని బస్టాండులో ఒక మధ్యాహ్నం ఆయన భార్య కనబడింది. తలలో, రవికె మీద దూది పింజలు. పత్తి మిల్లులో గింజలు ఏరే పనికి వస్తోందట, శనివారం శనివారం ఇంటికి పోతుందట. నేను ఆయన ఎట్లా ఉన్నాడని అడగబోయే లోపలే ఆమె చెప్పింది.

"పోయినాడప్పా. పీర్ల పండగకు ముందర."

ఆమె మూట కిందపెట్టి నింపాదిగా చెప్పుకొచ్చింది.

"కొత్తాయన మంచోడే. కసురుకునేది ల్యా. సూదీ వేస్తాండె. ఆడోళ్లు బయటనే ఉండల్లని నన్ను గొట్టం కాడికి రానీలేదు. రంగడిగితే మాత్రం 'బాగుంది పో' అంటాండె. ఈయప్ప 'యా రంగప్పా' అంటే, 'నీకెందుకు, బాగుందంటి కదా' అనె. నాలుగు దినాలు అడిగె. ఐదో దినం కాడికి, రంగు సెప్పనోని తావికి నేను పోనంటే పోననె. నేను తిడితి. ఏడిస్తి. కాళ్లు పట్టుకుంటి. కదల్లేదు. ఆ కాలు గూడ పాడాయె, జరమొచ్చె, పాయ."

బస్టాండులో జనం మమ్మల్ని తోసుకుని పోతున్నారు. ఆమె నా మొహంలోకి చూసింది.

"ఒగటడుగుతా, సెప్పప్పా. దినామూ బాగుంది అనె కదా ఆ కొత్తాయన. బాగుంటే మనిషెట్ల పాయ? బాగుండలేదా?"

అది ఏ రంగో నేను చూడలేదు. చూడకపోయినా, ఆమెకు హాయిగా ఉండే మాట ఏదో నాకు తెలుసు. ఆయన రోగం అట్లాంటిది, ఎవరూ ఏమీ చేయలేరు అని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

"బాగుండి ఉండదక్కా" అన్నాను. "బాగుంటే రంగు సెప్పడానికి వానికేం కష్టం? అన్న అడిగింది నాయమే. ఆయన సంగతి వానికి నేను సెప్పి పోవాల్సింది. సెప్పలేదు."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది, తుడిచినచోట దూది అంటుకుంది.

"మొండోడివి, మొండోడివని తిడ్తానే ఉంటి గదప్పా" అంది. "పాణం పొయ్యేదాంకా తిడ్తానే ఉంటి."

ఎమ్మిగనూరు బస్సు వచ్చి నిలబడింది. కండక్టరు ఊళ్ల పేర్లు కేకపెట్టాడు. ఆమె ఎక్కలేదు. బస్సు పోయింది. తర్వాతి బస్సు వచ్చేదాకా ఇద్దరం ఆ ఎండలోనే నిలబడి ఉన్నాము.